వానలు వెలిశాక మా క్యాంపర్ నీళ్ల లైను: నా అనుభవం

మా క్యాంపర్, అంటే పడక, వంటగట్టు, నల్లాలు అన్నీ ఉన్న బండి, ఏడాదిలో సగం రోజులు షెడ్డు దాటదు. ఉగాది వెళ్లిందంటే వరంగల్ ఎండల్లో రేకు బండిలో పడుకోవడం అయ్యే పని కాదు. తర్వాత వానలు. బొగత జలపాతం దారిలో వాగులు పొంగే రోజుల్లో పెద్ద బండి తీసుకెళ్లడం మా ఇద్దరికీ ఇష్టం ఉండదు. అందుకని మార్చి చివర్లో హన్మకొండలో మా ఇంటి పక్క షెడ్డులో నిలబెడితే, సద్దుల బతుకమ్మ అయ్యాకే మళ్లీ తాళం తీస్తాం. కార్తీకంలో వనభోజనాలు, సంక్రాంతి సెలవులు, జాతర ఏడాదైతే మేడారం. మా సీజన్ అదే.

తాళం తీశాక ఇంజను, బ్యాటరీ, టైర్లు మా ఆయన చూసుకుంటారు. నీళ్ల సంగతి నాది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆ పని నాకు పడిందని చుట్టాలు అనుకుంటారు. అసలు సంగతి అంతకన్నా పాతది. పరకాల వైపు మా ఊళ్లో నా చిన్నప్పుడు వానాకాలం వస్తే వాంతులు, విరేచనాల భయం ఉండేది. పంచాయతీ మనిషి వచ్చి చేదబావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపిన రోజు మా అవ్వ ఆ వాసనకు నీళ్లు ముట్టేది కాదు. మా బాపు మాత్రం "వాసన ఉంటెనే తాగుర్రి, లేకుంటె మరిగించుర్రి" అనేవాడు. క్లోరిన్ గురించి నేను క్లాసులో ఎన్నేళ్లు చెప్పినా ఆ మాట కన్నా బాగా చెప్పలేకపోయాను. ఇప్పుడు మా బండిలో మనవలు పళ్లు తోముకుంటారు, మా అత్తమ్మ స్నానం చేస్తుంది. వాళ్లకు చెడ్డ నీళ్లు అందకూడదని నాకు గట్టిగా ఉంటుంది.

బండిలో ఏమేం ఉన్నాయో ముందు చెప్పాలి. సీటు కింద 100 లీటర్ల తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు. దాని నుంచి చిన్న జాలి ఫిల్టరు, తర్వాత 12 వోల్టుల పంపు. పంపు దాటాక లైను రెండుగా చీలుతుంది. ఒకటి చన్నీళ్లది, ఇంకొకటి 10 లీటర్ల గీజరు మీదుగా వెళ్తుంది. వంటగట్టు దగ్గర ఒక నల్లా, చేతులు కడిగే బేసిన్‌కు ఒకటి, వెనక తలుపు దగ్గర షవరు. వాడిన నీళ్లు బండి అడుగున ఇంకో ట్యాంకులో పడతాయి. నల్లా తిప్పితే పంపు తనంతట తాను తిరుగుతుంది, మూసేస్తే ఆగుతుంది.

మా మేనల్లుడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. వాడికీ ఇలాంటి బండి ఉంది. నేను తాళం తీసే అక్టోబరులోనే వాడు తన బండికి తాళం వేస్తాడు. అక్కడ చలికి నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పైపులో, పంపులో, నల్లాలో ఎక్కడ కాసిన్ని నీళ్లు మిగిలినా అవి చీలిపోతాయి. అందుకని నీళ్లన్నీ వదిలేసి, గీజరును లైను నుంచి తప్పించి, మిగతా పైపుల నిండా గులాబీ రంగు ద్రవం ఎక్కిస్తాడు. అది గడ్డకట్టి పైపులు పగలకుండా కాపాడే ప్రొపిలీన్ గ్లైకాల్. ఇంజను రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ వేరు, అది విషం. మళ్లీ ఏప్రిల్లోనో మేలోనో మంచు పోయాక ఆ గులాబీ రంగు పోయేదాకా కడిగి, క్లోరిన్ పెట్టి వాడుకలోకి తెస్తాడు. వీడియో కాల్‌లో వాడు "అత్తా, మీకు చాలా సులువు, ఫ్రీజింగ్ బాధే లేదు కదా" అంటాడు.

గడ్డకట్టే బాధ లేదు, నిజమే. కానీ మా బాధ మాకుంది. చలి పైపును పగలగొడుతుంది గానీ లోపల ఏదీ పెరగనివ్వదు. మన వేడి పైపును ఏమీ చేయదు, అందులో మిగిలిన చెంచాడు నీళ్లలో పాచి పెంచుతుంది. షవరు తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లలో పెరుగుతుంది. మన ఎండాకాలం రాత్రులు, వానాకాలం పగళ్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అక్కడి వీడియోలు చూసి "మనకు వింటర్ లేదు, కాబట్టి ఏమీ చేయనక్కర్లేదు" అనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే. అక్కడ తాళం వేసేటప్పటి పని ముఖ్యం, ఇక్కడ తాళం తీసేటప్పటి పని ముఖ్యం.

మార్చిలో నిలబెట్టేటప్పుడు మేం ట్యాంకు వదిలేసి, నల్లాలన్నీ తెరిచి పంపుతో తోడేసి, గీజరు కూడా ఖాళీ చేస్తాం. అయినా పైపు వంగిన చోట్ల, పంపు పొట్టలో తడి ఉండనే ఉంటుంది. అందుకే నీళ్లు పోసే ముందు ఒక పూటంతా చూడటానికే పెట్టుకుంటాను. ఈ పని తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా.

ఈసారి మొదట దొరికింది కందిరీగ కట్టిన మట్టి గూడు. ట్యాంకులోకి నీళ్లు వెళ్తుంటే గాలి బయటికి రావడానికి బండి పక్కన చిన్న గొట్టం ఉంటుంది. దాని మూతి నిండా మట్టి మెత్తి పెట్టింది. అది చూడకుండా పైపు పెడితే గాలికి దారి ఉండదు, నీళ్లు లోపలికి పోక మూతి దగ్గరే ఎగదన్నుతాయి. ట్యాంకు పాడైందనుకుని విప్పించినవాళ్లు కూడా ఉన్నారు. సన్న కర్రతో పొడిస్తే మట్టి ట్యాంకులో పడుతుంది కాబట్టి గొట్టం క్లిప్పు వదులు చేసి, బయటికి లాగి కడిగాను. మూతికి సన్న స్టీలు జాలి కట్టాను.

తర్వాత ట్యాంకు మూత తీసి టార్చి వేశాను. పైకి శుభ్రంగానే కనబడింది. చేయి పెట్టి అడుగున, మూలల్లో రుద్దితే జిగట తగిలింది. కంటికి కనబడని ఆ పొరే అసలు శత్రువు. క్లోరిన్ పై పొరను చంపుతుంది, కింది పొర దాని చాటున బతికిపోతుంది. కాబట్టి రుద్దగలిగినంత చోట రుద్దాల్సిందే. గరుకు పీచు వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడి వచ్చే ఏడాది పాచికి అవే ఇల్లవుతాయి, అందుకని మెత్తటి గుడ్డ, పొడుగు కర్రకు కట్టిన స్పాంజి. సబ్బు వాడలేదు. పైపుల్లోంచి నురగ పోగొట్టడం పెద్ద టెన్షన్.

ఫిల్టరు గిన్నె విప్పితే జాలిలో పోయినేటి ఇసుక ఎండి ఉంది. గిన్నె మూతకు ఉండే రబ్బరు రింగు ఎండలకు గట్టిపడింది. వేలితో నొక్కితే లొంగలేదు. దాన్ని మార్చేశాను. వంటగట్టు నల్లాకు తాగేనీళ్ల కార్బన్ ఫిల్టరు ఉంది, దాని కార్ట్రిడ్జి ముందే తీసి పారేశాను. క్లోరిన్ పెట్టేటప్పుడు కార్బన్ లైనులో ఉంటే మందంతా అదే పీల్చేసుకుంటుంది, ఆ తర్వాతి పైపుకు ఏమీ అందదు. ఆర్‌వో ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త పడాలి. అందులో నీళ్లు వడపోసే పలుచటి పొరకు (మెంబ్రేన్) క్లోరిన్ పడదు, పాడైపోతుంది.

ఇక నీళ్లు. మా ఇంట్లో బోరు కూడా ఉంది, కానీ ట్యాంకుకు నల్లా నీళ్లే పడతాను. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. నల్లాకు వచ్చేవి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల వైపు నుంచి శుద్ధి చేసి వదిలే నీళ్లు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ధర్మసాగర్‌కు చేరడం వల్ల ఇప్పుడు ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు పట్టుకోగలుగుతున్నాం. నల్లా వచ్చిన వెంటనే పట్టకుండా, మొదటి బకెట్లు మొక్కలకు పోసి, తేటపడ్డాక పైపు తగిలించాను. ఆ పైపు కూడా ఫుడ్ గ్రేడుదే, అంటే తాగేనీళ్లకు పనికొచ్చేదే, బండికి తప్ప దేనికీ వాడను. పెరట్లో వాడే ఆకుపచ్చ పైపుతో పడితే నీళ్లకు రబ్బరు వాసన అంటుతుంది.

ట్యాంకు సగం నింపి పంపు స్విచ్ వేశాను. తిరుగుతోంది, నీళ్లు లాగడం లేదు. ఇలాంటప్పుడు పంపును తిట్టుకోకూడదు. పంపుకు ముందు ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం. ఫిల్టరు గిన్నె ఇంకో పావు చుట్టు బిగించగానే గుక్కలు గుక్కలుగా గాలి, తర్వాత నీళ్లు వచ్చాయి. చన్నీళ్ల నల్లాలన్నీ అయ్యాక వేడినీళ్ల వైపు తెరిచాను. గీజరు నిండేదాకా అక్కడ గాలే వస్తుంది, ఓపిక పట్టాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ గీజరు ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. నీళ్లు లేని గీజరుకు కరెంటిస్తే కాయిల్ కాలిపోతుంది.

నల్లాలన్నీ మూశాక పంపు ఆగింది. ఆగి, కాసేపటికి టక్కుమని మళ్లీ తిరిగింది. మళ్లీ ఆగింది, మళ్లీ తిరిగింది. అంటే మూసిన లైనులో ఎక్కడో ఒత్తిడి తగ్గుతోంది, నీళ్లు కారుతున్నాయి. ఈ శబ్దం కోసం కొంతసేపు ఊరికే కూర్చుని వినడం ఈ పనిలో అన్నిటికన్నా విలువైన భాగమని నా అభిప్రాయం. కంటికి కనబడని లీకు చెవికి ముందు తెలుస్తుంది. పొడి కాగితం పట్టుకుని ప్రతి జాయింటు కిందా తుడుచుకుంటూ పోతే, వంట అల్మారా వెనక కాగితం తడిసింది. ఆటోనగర్‌లో మా బండికి పని చేసిన పిలగాణ్ణి పిలిచాను. అల్మారా పలక విప్పి చూసి, "మేడం, ఎలుక కొరికింది. చుట్టూ టేపు ఏస్తె ఆగది, ఈ ముక్క కోసి కొత్తది ఎయ్యాలె" అన్నాడు. "ఎయ్యి బిడ్డా, కానీ ఫుడ్ గ్రేడ్ పైపే తే" అన్నాను. చేయి పెట్టిన వాడే కదా అని గీజరు మెగ్నీషియం కడ్డీ కూడా చూపించమన్నాను. ట్యాంకు లోపలి ఇనుముకు బదులు తుప్పుకు తానే బలయ్యేందుకు పెట్టే కడ్డీ అది. పుల్లంత సన్నబడింది. దాన్నీ మార్చి, ఎలుక వచ్చిన కన్నం స్టీలు పీచుతో మూయించాను. ఆ తర్వాత పంపు ఆగితే ఆగినట్టే ఉంది.

షవరు రంధ్రాల్లో, నల్లా మూతి జాలీల్లో తెల్లగా సున్నం పేరుకుంది. దారిలో బోర్ల దగ్గర నింపుకున్న నీళ్ల గుర్తు అది. వాటిని విప్పి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టాను. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నిమ్మ ఉప్పు, వెనిగర్, బాత్రూంలో వాడే యాసిడ్, వీటిలో ఏదీ బ్లీచింగ్‌తో కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. ఆరుబయటే ఊపిరాడదు, బండిలాంటి మూసిన చోట ప్రాణానికే ముప్పు. అందుకే సున్నం పని ముందు రోజే ముగించి, ఆ సామాన్లన్నీ మంచినీళ్లతో బాగా కడిగాకే క్లోరిన్ సీసా బయటికి తీస్తాను.

క్లోరిన్ లెక్క చాలామంది అడుగుతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. లైను మొత్తాన్ని శుద్ధి చేయడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. ట్యాంకు 100, గీజరు 10, మొత్తం 110 లీటర్లు. అంటే 5.5 గ్రాముల క్లోరిన్. సోడియం హైపోక్లోరైట్ (ద్రవంగా దొరికే బ్లీచింగ్) 5 శాతం అని సీసా మీద ఉంటే ఒక మిల్లీలీటరులో సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి 110 మిల్లీలీటర్లు సరిపోతుంది. లీటరు నీళ్లకు ఒక మిల్లీలీటరు అని గుర్తుపెట్టుకుంటే చాలు. 10 శాతం క్యాను అయితే అందులో సగం. సెంటు వాసనవి, సబ్బు కలిపినవి వద్దు. తయారీ తేదీ చూడాలి, మన వేడికి హైపోక్లోరైట్ బలం నెలనెలా తగ్గిపోతుంది.

అది దొరకకపోతే బ్లీచింగ్ పౌడర్ ఉండనే ఉంది. కొత్త పొడిలో 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, 18 గ్రాములు చాలు. కొంచెం పాతదైతే ఇంకొంచెం ఎక్కువ. అయితే పొడిని నేరుగా ట్యాంకులో వేయకూడదు. ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో కలిపి అరగంట వదిలేస్తే సున్నం అడుగున కూర్చుంటుంది. పైన తేరిన నీళ్లను గుడ్డలో వడపోసి అవి మాత్రమే పోయాలి. ఆ సున్నం పంపులోకి పోతే ఇందాక నిమ్మ ఉప్పుతో చేసిన పనంతా మళ్లీ మొదలు.

నేను హైపోక్లోరైటే వాడాను. నేరుగా కాకుండా బకెట్ నీళ్లలో పలచన చేసి, ట్యాంకులో పోసి, మీదంతా నల్లా నీళ్లతో మూతి దాకా నింపాను. తర్వాత ఒక్కో నల్లా తెరిచి క్లోరిన్ వాసన ముక్కుకు తగిలేదాకా వదిలాను. చన్నీళ్లది వేరే, వేడినీళ్లది వేరే. వెనక షవరు కూడా. వాసన రాని పైపుకు మందు చేరనట్టే. లైనులోకి వెళ్లినంత మేర ట్యాంకు తగ్గుతుంది, మళ్లీ నింపాలి. మా ఆయన బండిని కాలనీలో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుకొచ్చారు. నీళ్లు కుదిలి ట్యాంకు పైకప్పుకు కూడా తగలాలని. నాలుగు గంటలు ఉంచినా చాలంటారు గానీ నేను రాత్రంతా ఉంచుతాను. కిటికీలు తీసి పెట్టి, తలుపుకు "నల్లా ముట్టొద్దు" అని కాగితం అంటించాను. పిల్లలున్న ఇల్లు మరి.

పొద్దున్నే ఆ 110 లీటర్లు ఎక్కడ వదలాలన్నది నాకు చిన్న విషయం కాదు. మా వీధి కాలువ చివరికి చెరువు వైపే పోతుంది. అంత ఘాటు నీళ్లు చేపలకు, కప్పలకు విషం. డ్రమ్ముల్లోకి తోడించి బాత్రూములు, వాకిలి, షెడ్డు నేల కడిగించాను. మిగిలింది మూత లేని టబ్బుల్లో ఎండలో పెట్టాను. రెండు మూడు రోజుల ఎండకు క్లోరిన్ విరిగిపోయి వాసన పోతుంది, అప్పుడు పారబోయొచ్చు. అడుగున ఉండే వాడిన నీళ్ల ట్యాంకుకూ ఈ నీళ్లలోనే కొంత పట్టించి కడిగాను, దాని కంపు కూడా వదిలింది.

తర్వాత మంచినీళ్లతో నింపడం, వదలడం, మళ్లీ నింపడం. వాసన పోయిందా అని ముక్కును మాత్రమే నమ్మను, ఎందుకంటే ఒకటిన్నర రోజులు ఆ వాసనలోనే ఉన్న ముక్కుకు ఏదీ తెలియదు. ఊళ్లలో పంచాయతీ వాళ్లు వాడే క్లోరోస్కోప్ నా దగ్గర ఉంది. గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని ఆర్థోటొలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్‌ను బట్టి పసుపు వస్తుంది. మొదటి కడుగులో ముదురు నారింజ వచ్చింది, చివరికి నిమ్మపండు తొక్క కన్నా లేత పసుపు మిగిలింది. అదే కావాలి. తాగేనీళ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఏ రంగూ రాకపోతే సంతోషించాల్సిన పని లేదు, ఆ నీళ్లకు కాపలా లేదని అర్థం. పరీక్ష చేసిన నీళ్లు మాత్రం పారబోయాలి, ఆ చుక్కలు మనిషికి మంచివి కావు.

ఇంత చేశాక ఆ ట్యాంకు నీళ్లు తాగొచ్చు. అయినా మేం తాగడానికి ఇంటి నుంచి స్టీలు బిందెలో వేరే తీసుకెళ్తాం. ట్యాంకు నీళ్లు వంటకు, స్నానానికి, గిన్నెలకు. శుభ్రం చేసిన ట్యాంకు శుభ్రమే, దారిలో అందులోకి ఏ నీళ్లు వస్తాయో మన చేతిలో ఉండదు.

కార్తీకంలో పాలంపేట వెళ్లి రామప్ప చూసుకుని, అక్కణ్ణుంచి లక్నవరం చేరాం. రెండు చోట్లా కాకతీయుల నాటి చెరువులే, కంటి నిండా నీళ్లే. రాత్రి మా అత్తమ్మ గీజరు నీళ్లతో వెచ్చగా కాళ్లు కడుక్కుని "ఇంట్ల లెక్కనే ఉన్నది" అన్నప్పుడు నాకు చాలా సంతోషమైంది. మర్నాటికి ట్యాంకు అడుగంటింది. దారిలో ఒక ఊళ్లో హోటలాయన తన బోరు దగ్గర నింపుకోమన్నాడు. ముందు ఒక సీసాలో పట్టి చూశాను. తేటగా ఉంది, వాసన లేదు, చుక్కలు వేస్తే రంగు రాలేదు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కదా. అలాంటి నీళ్లు నింపుకున్నప్పుడు లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన, అంటే 100 లీటర్లకు అదే 5 శాతం ద్రవం 4 మిల్లీలీటర్లు కలిపి, అరగంట ఆగి వాడుకోవాలి. 4 మిల్లీలీటర్లు అందాజుగా పోసే కొలత కాదు కాబట్టి సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి హైపోక్లోరైట్ సీసాకే కట్టి, మందుల డబ్బాకు దూరంగా, వెనక తలుపు పక్క అరలో తాళంలో పెట్టాను.